కానరాని కప్ప, కానరాని చిత్రకారుడు

గత కార్తికమున మేము ఎఱ్ఱగుంట్ల మీదుగా చిలమకూరికి పోయి, అచ్చటి అగస్త్యేశ్వరస్వామిని దర్శించి వచ్చితిమి. దారిలో ఒక పొలముగట్టున నాపరాళ్లు పేర్చి కట్టిన గోడ యొకటి కనబడినది. దానిమీద సాయంకాలపు ఎండ వాలియుండగా చూడ ముచ్చటయై ఒక ఛాయాచిత్రము తీసికొంటిమి. ఇంటికి వచ్చిన పిమ్మట దానిని పెద్దదిగా చేసి చూచుచుండగా, మా మనుమరాలు వ్రేలు చూపి, "తాతా, ఈ బండకు కన్నుండాది సూడు!" అనెను. నిజమే. రెండు రాళ్ల సందున ఒక కప్ప కాళ్లు ముడుచుకొని కూర్చున్నది. దాని వీపు రాతిరంగు. దానిమీది మచ్చలు రాతిమీది మరకలు. ఆ కన్ను ఒక్కటి తప్ప, అది కప్ప యని చెప్పుటకు ఆనవాలు లేదు. గోడకు బారెడు దూరమున నిలిచి ఫోటో తీసిన మాకు ఆనాడది కనబడనే లేదు.

ఆ ఛాయాచిత్రమును ముందుంచుకొని కప్పను నీటిరంగులతో చిత్రించవలెనని మాకు బుద్ధి పుట్టినది. మొదటి బొమ్మను ఉన్నదున్నట్లు వ్రాసితిమి. చూచినవారందరును "గోడ బాగున్నది" అనిరి. రెండవ బొమ్మలో కప్ప చుట్టును ముదురుగీత దిద్ది, రాతిరంగును కొంత పలుచన చేసితిమి. ఈసారి "కప్ప బాగున్నది" అనిరి గాని, మేము చూచిన కప్ప అది కాదు. గోడమీద ఎవరో తెచ్చి అతికించినట్లున్నది. దాగియుండుటయే స్వభావముగాగల ప్రాణిని దాని స్వభావము చెడకుండ చూపుట యెట్లు? ఈ ప్రశ్న మాకు ముందు ఎందరికో ఎదురై యుండవలెను. వారెవరు, ఏమి చేసిరి అని వెదకగా మాకు దొరికిన చరిత్రను శ్రోతలకు విన్నవించుచున్నాము.

ముందుగా ఈ కప్ప సంగతి. దీనిని మనవారు చెట్టుకప్ప యందురు. పేరు చెట్టుకప్పయే యైనను మన యిండ్లకిది కొత్త చుట్టము కాదు. ఎండలు ముదిరినప్పుడు తేమను వెదకుకొనుచు స్నానపు గదిలోనికి, నీళ్లతొట్టి వెనుకకు, తలుపుసందులోనికి వచ్చి చేరును. వ్రేళ్ల కొసలు చిన్న బిళ్లలవలె వెడల్పుగా నుండుటచే నున్నని గోడనైనను అవలీలగా ప్రాకగలదు. దాని రంగు ఎప్పుడును ఒకటిగా నుండదు. ఒకప్పుడు గోధుమరంగు, ఒకప్పుడు బూడిదరంగు, మరియొకప్పుడు లేత పసుపు. తొడల వెనుకభాగమున గుండ్రని పసుపుచుక్కలు కలవు. కూర్చున్నప్పుడు అవి మడతలో మరుగుపడి, దుముకునప్పుడు మాత్రము క్షణకాలము మెరసి మాయమగును.

వానలు వెనుదీసిన యేట మన పల్లెలలో కప్పతల్లిని ఊరేగించుట శ్రోతలెరిగినదే. రోకలికి వేపమండలు కట్టి, దానికొక కప్పను కట్టి, పిల్లలు ఇంటింటికి పోవుదురు. ఇల్లాండ్రు బిందెలతో నీళ్లు కుమ్మరింతురు. ఏడాది పొడవున కంటబడక తిరుగు ప్రాణిని ఆ ఒక్కనాడు ఊరంతయు కన్నులార చూచును. వాన కావలసి వచ్చినప్పుడే మనకు కప్ప జ్ఞాపకము వచ్చుచున్నదేమో!

ఈ చెట్టుకప్పకు శాస్త్రలోకమున పేరు పెట్టబడిన విధము వినదగినది. థామస్ హార్డ్విక్ అను దొర ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు సైన్యమున ఫిరంగిదళాధికారి. సైన్యముతో తాను తిరిగిన చోట్లనెల్ల జంతువులను, పక్షులను, పాములను, కప్పలను సేకరించి, మన దేశపు చిత్రకారులచేత వాటి బొమ్మలను నీటిరంగులతో వ్రాయించెను. అట్లు కూడిన బొమ్మలు సుమారు 4,500. ఆయన 1823లో స్వదేశమునకు మరలెను. ఆ బొమ్మలలో కొన్నింటిని ఎంచి, బ్రిటిషు మ్యూజియమునందలి జాన్ ఎడ్వర్డ్ గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు 1830 నుండి భాగములుగా ప్రకటించెను. 'ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ జువాలజీ' అని ఆ గ్రంథము పేరు. రెండు వందలకు పైగా పటములు. ఒక్కొక్క పటమును రాతి అచ్చున ముద్రించి, పిమ్మట చేతితో రంగులు వేసిరి. వివరణము తరువాత వెలువడవలసియుండగా 1835లో హార్డ్విక్ కాలధర్మము చెందుటచే అది రానేలేదు. కావున ఆ గ్రంథము బొమ్మల గ్రంథముగనే నిలిచిపోయినది.

మన చెట్టుకప్పకు 'హైలా మాక్యులేటా' అను పేరు 1830లో ఆ పటములలోనే తొలుత అచ్చుపడినది. తరువాతివారు దానిని 'పాలిపిడేటిస్ మాక్యులేటస్' అని మార్చిరి. మాక్యులేటస్ అనగా మచ్చలు గలది యని యర్థము. శాస్త్రమునకు ఈ కప్ప పరిచయము మాటలలో గాక బొమ్మలో కలిగినదన్నమాట. ఆ గ్రంథమున అనేక పటములను లండనులో రాతిపై గీసిన వాటర్‌హౌస్ హాకిన్స్ పేరు లోకమునకు తెలియును. సేకరించిన హార్డ్విక్ పేరు గ్రంథపు మకుటముననే యున్నది. పేరు పెట్టిన గ్రే పేరు ఆ కప్ప పేరునకు తోకగా నేటికిని వ్రాయబడుచున్నది. తొలి బొమ్మలను కుంచెతో వ్రాసినవారి పేర్లు మాత్రము మిక్కిలిగా మరుగున పడిపోయినవి.

ఇది ఎక్కడనో బెంగాలులో జరిగిన ముచ్చట యనుకొననక్కరలేదు. అంతకు అర్ధశతాబ్దము ముందే మన తెలుగుతీరమున ఇట్టి పని మొదలైనది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో తన తమ్మునితో కూడ విశాఖపట్టణమునకు వచ్చి, 1789 వరకు ఈ దేశమున నుండెను. ఆయన కోరమాండల్ తీరపు పాములను గూర్చి వ్రాసిన గ్రంథము 1796లో వెలువడినది. విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనములు, బొమ్మలు గల రెండు సంపుటములు 1803లో వచ్చినవి. చేపల బొమ్మలు వ్రాయుటకు ఆయన స్థానిక చిత్రకారుని నియోగించెను. ఆ గ్రంథములలో మన జాలరులును పాములవారును పలుకు తెలుగు పేర్లే ఇంగ్లీషు లిపిలో అచ్చుపడినవి.

ఆ పేర్లలో ఒకదానిని చూడుడు. నేడు శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరిట పిలుచు పొడపామునకు ఆయన వినివ్రాసికొన్న తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ'. ఆ పాము వీపున వరుసగానున్న మచ్చలకు ఒక్కొక్కదాని చుట్టును కాటుక దిద్దినట్లు నల్లని అంచు కలదు. ఎండుటాకులలో చుట్టచుట్టుకొని పడియున్నప్పుడు ఆ రేకులే దానిని దాచును. ఈ పేరు పెట్టినవాడెవడో గాని చిత్రకారుని కన్ను గలవాడు. 'బంగారు పాము' అను మాటనుండియే కట్లపాముల వర్గమునకు బంగారస్ అను శాస్త్రనామము కలిగినది. రంగును చూచుటయు, దానికి మాట కల్పించుటయు మనవారికి క్రొత్తగా నేర్పవలసిన విద్యలు కావు.

ఆ కాలముననే సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కల బొమ్మలను స్థానికులచేత వ్రాయించుచుండెను. ఆయన పంపిన బొమ్మలనుండి ఎంచిన 300 పటములు 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో అచ్చయినవి.

ఈ చిత్రకారులకు ఎదురైన పని తేలికయైనది కాదు. వారు అంతకుముందు ఎరిగినది చిక్కని రంగు, సన్నని కుంచె, బంగారపు అంచు. దొరలు వారి చేతికి సీమ కాగితమునిచ్చి, పలుచని పారదర్శకమైన పూతలు వేయుమనిరి. వారు రెండింటిని కలిపి ఒక క్రొత్త పద్ధతి నేర్చికొనిరి. పలుచని పూత మీద పొలుసు పొలుసునకు, ఈనె ఈనెకు సన్నని గీతను దిద్దిరి. ఇది యొకటి. రెండవది ఇంకను ముఖ్యమైనది. ఆ బొమ్మలలో జంతువు వెనుక నేల లేదు, ఆకు లేదు, గోడ లేదు; తెల్లని కాగితము మాత్రమే. శాస్త్రజ్ఞునకు కావలసినది ప్రాణి రూపము, అవయవముల లెక్క, మచ్చల వరుస. కావున దానిని దాని చోటునుండి పెరికి తెచ్చి తెల్లని వెలుగులో నిలువబెట్టిరి. రాతిమీద కానరాని కప్ప తెల్లకాగితము మీద వ్రేలంత దూరమునుండియైనను కనబడును. మా రెండవ బొమ్మలో మేము తెలియక చేసినది వారు తెలిసి, ఒక ప్రయోజనము కొరకు చేసిరి. ఆ పద్ధతి లేకున్నచో ఒక కప్పకును మరియొక కప్పకును గల భేదము లోకమునకు తెలియకయే పోయెడిది.

అయితే అచ్చువేసినవారు చిత్రకారుని పేరును నిలుపవలెననుకొన్నచో నిలుపలేకపోయిరా? నిలుపగలిగినవారును ఉన్నారు. మదరాసు రాజధానిలో వృక్షశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ వైట్ కొలువున రంగయ్య, గోవిందు అను ఇరువురు చిత్రకారులు ఒకరి తరువాత నొకరు పనిచేసిరి. 1838 నుండి 1853 వరకు వైట్ ప్రకటించిన ఆరు సంపుటముల మొక్కల గ్రంథమున పటముల అడుగున వారి పేర్లు అచ్చుపడినవి. అంతటితో ఆగక వైట్, ఆర్కిడ్ జాతులలో ఒకదానికి గోవిందు పేరిట 'గోవిందూయా' అను నామకరణము చేసెను. తరువాతివారు ఆ మొక్కను వేరొక వర్గమున చేర్చుటచే ఆ పేరు వాడుక తప్పినది. అయినను శాస్త్రగ్రంథములలో అది చెరిగిపోలేదు. ఒక్క గీత అడుగున రెండక్షరములు చేర్చుటకు పట్టు సిరా ఎంత? ఆ పాటి సిరాకు నోచని చేతులు వందలు.

ఇక మా ప్రశ్నలోని రెండవ సగమునకు వత్తము. ప్రాణిని దాని చోటున దాని చుట్టుపట్లతో కలిపి చిత్రించినవారెవరు? శాస్త్రదృష్టితో ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు అమెరికా చిత్రకారుడు ఆబట్ థేయర్. ఆయన 1896లో ఒక సూత్రమును ప్రకటించెను. జంతువుల వీపు ముదురుగను, కడుపు లేతగను ఉండును. ఎండ పైనుండి పడి వీపును తెలుపుచేసి, కడుపున నీడను పరచును. ఈ రెండును ఒకదానినొకటి కొట్టివేయుటచే గుండ్రనైన దేహము బల్లపరుపుగా తోచి, వెనుకనున్నదానిలో కలిసిపోవును. చిత్రకారుడు బల్లపరుపు కాగితము మీద నీడ వేసి గుండ్రదనమును కల్పించును. ప్రకృతి గుండ్రని దేహము మీద రంగువేసి ఆ గుండ్రదనమును తుడిచివేయును. ఇది చిత్రకారునకు తోచుట సహజమే. 1909లో థేయరును ఆయన కుమారుడు జెరాల్డును కలిసి వెలువరించిన గ్రంథమున, అడవిలో ఎండుటాకుల నడుమ నిలిచిన ఒక పక్షి నీటిరంగుల చిత్రమున్నది. జెరాల్డు వ్రాసిన ఆ చిత్రము నేడు న్యూయార్కు నగరమున మెట్రోపాలిటన్ మ్యూజియమున కలదు. దానిలో ముందు చెట్లు, ఆకులు, నీడలు కనబడును. పక్షి పిమ్మట కనబడును.

థేయరు తన సూత్రమును అతిగా సాగదీసెను. రాజహంసల ఎఱ్ఱదనము సైతము సంధ్యాకాశమున కలిసిపోవుటకే యని వాదించి పలువురి ఆక్షేపణకు గురియైనాడు. దాచుటలోని ఆనందము చిత్రకారుని ఎంతదూరమైనను ఈడ్చుకొని పోగలదని దీనివలన తెలియుచున్నది. ఆ తొందరపాటును సరిదిద్దినవాడు ఇంగ్లండు జంతుశాస్త్రజ్ఞుడు హ్యూ కాట్. ఆయన చిత్రకారుడును, ఛాయాచిత్రములు తీయుటలో నేర్పరియు. 1927లో జాంబెసీనది ప్రాంతమునకు పోయి కప్పలను పరిశీలించెను. 1940లో ప్రకటించిన తన మహాగ్రంథమున తూర్పు ఆఫ్రికాలోని ఒక చిన్నకప్పను ఉదాహరణముగా చూపెను. దాని వీపున ఒక చార, తొడమీద ఒక చార, పిక్కమీద ఒక చార కలవు. కప్ప నడచునప్పుడు అవి దేనికది. కాళ్లు ముడుచుకొని కూర్చున్నంతనే అవి యన్నియు ఒకటే గీతయై, ఎచ్చట దేహము ముగిసినదో ఎచ్చట కాలు మొదలైనదో తెలియనీయవు. కప్ప రంగును మాత్రమే నమ్ముకొనలేదు. కూర్చుండు తీరును కూడ నేర్చినది. రెండవ ప్రపంచయుద్ధమున సైన్యము వారికి మరుగుపడు విద్యను బోధించినవారిలో ఈ కాట్ ఒకడు.

ఇంతకును, దాగిన ప్రాణిని చిత్రించుటవలన ఆ ప్రాణి పుట్టినచోట నివసించువారికి కలిగిన మేలేమి? దీనికి సమాధానము మన కడప జిల్లాలోనే యున్నది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించిన కలివికోడి, జెర్డన్ అను వైద్యుడు ఈ తూర్పుకొండల ప్రాంతమున గుర్తించిన పక్షి. మట్టిరంగు వీపు, మెడక్రింద రెండు పట్టెలు. పగలెల్ల కలివిపొదల నీడలో కదలక యుండి రాత్రి తిరుగును. 1900 తరువాత దానిని చూచినవారు లేకపోవుటచే అది అంతరించినదనుకొనిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పక్షాన భరత్ భూషణ్ ఈ ప్రాంతమునకు వచ్చి, పక్షి బొమ్మను పల్లెవారికి చూపి విచారించెను. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర, పక్షులను పట్టుటలో నేర్పరియైన ఐతన్న దానిని పట్టియిచ్చెను. ఎనుబది యేండ్లకు పైగా పండితుల కంటబడని పక్షిని ఆ రాత్రి ఒక పల్లెవాడు చేత పట్టుకొని వచ్చినాడు. 1988లో ఆ పరిసరములలోనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

ఈ కథలో మమ్ము కదలించినది ఒకటి కలదు. తెల్లకాగితము మీదికి పోయిన బొమ్మ తిరిగి పల్లెకు వచ్చినది. దానిని చూచి గుర్తుపట్టినవాడు చదువుకొన్నవాడు కాదు. ఆ పొదలలో పుట్టి పెరిగినవాడు. ఆయన పేరు దక్కినది. విశాఖపట్టణపు చేపలను వ్రాసిన చేతి పేరు దక్కలేదు. మొదటిదానికి కారణము ఎవరో వ్రాసిపెట్టుట. రెండవదానికి కారణము ఎవరును వ్రాసిపెట్టకపోవుట. అంతకుమించిన రహస్యము లేదు.

ఇదంతయు తెలిసికొన్న పిమ్మట మేము మూడవ బొమ్మకు పూనుకొంటిమి. ఈసారి కప్పను గోడను వేరువేరుగా గీయక, కాగితమంతటను ఒకేసారి పసుపుఛాయగల పలుచని బూడిదపూతను పరచితిమి. అది ఆరిన పిమ్మట దానిమీద లేత నీలము, ఆపైన అక్కడక్కడ ముదురు గోధుమరంగు. కప్ప చర్మమును ప్రకృతి దాదాపు ఇట్లే చేసినదట! దానిలో రంగుకణములు పొరలుపొరలుగా నుండును. పైన పసుపుకణములు, నడుమ వెలుగును ప్రతిఫలింపజేయునవి, అడుగున నల్లనివి. అడుగున నున్న నలుపు విస్తరించినకొలది చర్మము ముదురై, ముడుచుకొన్నకొలది లేతయగును. నీటిరంగులు వేయువారు ఈ ముచ్చటను గుర్తుంచుకొనవలెను. రంగులను పళ్లెములో కలిపినచో మట్టి యగును. కాగితము మీద ఒకదానిపై నొకటి వేసినచో వెలుగు నిలుచును. కప్ప వీపు అంచును రెండుచోట్ల తడి కుంచెతో రాతిలోనికి కరగించితిమి. ఒక్క కన్నును మాత్రము పదునుగా దిద్ది, దానిలో చుక్కంత తెలుపును వదలితిమి. చూచినవారు కొంతసేపు ఏమియు అనలేదు. పిమ్మట ఒకరి తరువాత నొకరు, "ఓహో, ఇదిగో!" అనిరి. మాకు కావలసినది ఆ కొంతసేపే.

చిలమకూరికి సమీపముననే, అదే ఎఱ్ఱగుంట్ల మండలమున, కలమళ్ల యను గ్రామము కలదు. సుమారు క్రీ.శ. 575 నాటిదైన తెలుగు శాసనము అచ్చటిదే. రేనాటి చోడుడు ధనంజయుని పేరు ఆ రాతిమీద పదునాలుగు వందల యేండ్లుగా నిలిచియున్నది. ఆ రాతిని చెక్కినవాని చేతికి సుత్తి, ఉలి తప్ప వేరు సాధనము లేదు. మన యిండ్లలో నేడు ఛాయాచిత్రములకు కొదువ లేదు. యాత్రకు పోయినచో వందలు తీసికొని వచ్చుచున్నాము. అయిదేండ్లు గడచునప్పటికి అది ఏ ఊరో, తీసినదెవరో, ఆ మూలనున్న మనిషి ఎవరో మనకే తెలియదు. పిల్లలు గీసిన బొమ్మల గతియు అంతే. రెండు వందల యేండ్లనాటి దొరలను తప్పుపట్టుటకు ముందు మన యింటి పెట్టెను ఒకసారి తెరచి చూచుకొనుట మంచిది.

మా మూడవ బొమ్మ వెనుక పెన్సిలుతో అయిదు మాటలు వ్రాసితిమి. చెట్టుకప్ప, చిలమకూరు, నాపరాతి గోడ, కార్తికమాసము. చివరిదైన అయిదవ మాట, దానిని మొదట చూచినదెవరో ఆ పిల్ల పేరు. అది చదువుకొని ఆమె, "మఱి కప్ప పేరు?" అని అడిగినది. ఆ పేరు మా వ్రాతలో ముందే యున్నదంటిమి. "అది కప్పలన్నింటి పేరు గదా తాతా, దీని పేరేంది?" అనినది. సమాధానము తోచక మేము నవ్వి ఊరకుంటిమి. ఈ సంవత్సరము వాన కురిసిన మరునాడు మరల చిలమకూరికి పోయి, ఆ గోడను ఈసారి ఆమెచేతనే వెదకింపవలెనని నిశ్చయించుకొంటిమి.